మైలాపురపు హతసాక్షి

నెల్లూరి కుత్తరమున పెన్నను దాటి, కోవూరు మీదుగా పోవువారికి కొడవలూరు తగులును. రైలుదారిని పోవువారి కది పడుగుపాటికిని తలమంచికిని నడుమనున్న చిన్న స్టేషను. ఊరికి తూర్పున వరిపొలములును, వానికావల ఉప్పుకయ్యలును, ఆపైని సముద్రమును గలవు. క్రైస్తవమతము పుట్టిన తొలినాళ్లలో ప్రాణము విడిచిన యొక హతసాక్షి చరిత్రమునకు ఈ తీరముతో నేమి సంబంధమని చదువరు లడుగవచ్చును. సంబంధము రెండు విధములుగా గలదు. ఆ పురుషుని సమాధియని చెప్పబడు మైలాపురము ఇదే తీరమున దక్షిణముగా సుమారు నూఱుమైళ్ల దూరమున నున్నది. ఆ సమాధిని గూర్చిన వృత్తాంతములలో తెలుగురాజ్యములును తెలుగుదొరలును పలుమాఱు ప్రవేశింతురు.

1786వ సంవత్సరమున నెల్లూరి ప్రాంతమున నొక రైతు ఱాతిగుట్ట ప్రక్కను దున్నుచుండగా నాగటికఱ్ఱు ఇటుకకట్టడమునకు దగిలి నిలిచెను. త్రవ్విచూడగా నొక చిన్న కోవెల శిథిలములును, వాని క్రింద నొక కుండయు, కుండలో రోమక చక్రవర్తుల బంగారు నాణెములును బయల్పడెను. త్రాజను, హేద్రియను, ఫౌస్తీనా రాణి, వీరి ముఖములు వానిపై నుండెను; అనగా నవి క్రీస్తుశకము రెండవ శతాబ్దమునాటివి. రైతు వానిని పాతబంగారముగా నమ్మివైచెను. పెక్కు మూసలో గరగిపోయెను. ఆర్కాటు నవాబుగారి కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి బైగా సేకరింపగలిగెను. అంతకుముందు చెన్నపట్టణపు దొరగా నుండిన డేవిడ్సను 1787లో దీనినిగూర్చి వ్రాసిన లేఖ కలకత్తాలోని ఆసియాటిక్ సొసైటీవారి సంపుటములలో నచ్చుపడినది. ఈ నాణెములు తోమా వచ్చెనని చెప్పవు. ఎఱ్ఱసముద్రము నుండి బయలుదేఱిన నావల సరకు ఈ తీరపు పల్లెలదాక వచ్చుచుండెనని మాత్రము చెప్పును. ఓడబొమ్మ గల సాతవాహన నాణెములు కూడ ఈ తీరమునందే దొరకుచున్నవి. వర్తకుడు రాగలచోటికి బోధకుడు రాగూడదనుటకు కారణము లేదు. వచ్చెనని చెప్పుటకు వేఱు సాక్ష్యము కావలెను.

ఈ సాక్ష్యమను మాటయే యిచ్చట ముఖ్యము. యవనభాషలో 'మార్తుస్' అనగా సాక్షి. తాను నమ్మినదానికి న్యాయస్థానమున సాక్ష్యమిచ్చి, దానికొఱకు చంపబడినవాని కా పేరు రూఢియైనది. తెలుగు క్రైస్తవులలో నొకశాఖవారు 'హతసాక్షి' యనియు, మఱియొకశాఖవారు 'వేదసాక్షి' యనియు వాడుదురు. మొదటిమాట చావును ముందిడుకొనును, రెండవది నమ్మికను. తోమా విషయమున ఈ భేద మూరక భాషాభేదము గాదు. ఆతడు తీర్పుపొంది చంపబడెనా, యాదృచ్ఛికముగా బాణము దగిలి మడిసెనా, ద్వేషముచే బొడువబడెనా యనునది యాతనిగాథ చెప్పినవారిని బట్టి మాఱుచు వచ్చినది.

అన్నింటికంటె ప్రాచీనమగు కథ 'తోమా కార్యములు' అను సిరియా భాషాగ్రంథమున గలదు. ఇది క్రీ.శ. మూడవ శతాబ్దపు మొదటిభాగమున, బహుశః ఎదెస్సా పట్టణమున బుట్టినది. శిష్యులు లోకమును చీట్లు వేసి పంచుకొనగా తోమాకు హిందూదేశము వచ్చెననియు, ఆతడు పోనన్నందున యేసు ప్రభువే యాతనిని హబ్బాను అను వర్తకునికి దాసునిగా నమ్మెననియు ఆ గ్రంథము చెప్పును. ఆతడు వడ్రంగము తెలిసినవాడగుటచే గుందఫరు రాజు నగరు కట్టుట కొప్పుకొని, రాజిచ్చిన ధనమును బీదలకు బంచిపెట్టి, నగరు పరలోకమున లేచుచున్నదని చెప్పెనట. పురాణపు బోకడ గల యీ కథను పండితులు చిరకాలము కల్పనగానే త్రోసివైచిరి. కాని 1830 తరువాత వాయవ్యసీమలలో గుందఫరు పేరుగల నాణెములు వెలువడెను. తఖ్త్-ఇ-బాహీ శాసనము ఆ రాజు ఏలుబడిలో 26వ యేట, ఒకానొక శకము 103వ సంవత్సరమున వేయబడినది. ఆ శకము విక్రమశకమే యన్నచో రాజు క్రీ.శ. 19 లేదా 20లో సింహాసన మెక్కెను. శాసనము 46 ప్రాంతమునాటిది. సిరియాలోని కథకుడు రెండువందల యేండ్ల తరువాత, మన దేశమువారే మఱచిపోయిన యొక రాజు పేరును సరియైన కాలమున నిలిపెను. ఇది చిన్న విషయము గాదు. అయినను రాజు నిజమగుటచే కథయంతయు నిజముగాదని పండితు లెఱుగుదురు. విక్రమార్కుడు గలడని బేతాళుడును గలడనలేము గదా.

అదే గ్రంథమున తోమా మరణము మఱియొక రాజ్యమున జరిగినది. రాజు పేరు మజ్దాయి. ఆ పేరు పారసీకచ్ఛాయ గలది. చరిత్రమున నిట్టివాడని యెవ్వనిని నిర్ణయింప వీలుపడలేదు. తోమా బోధవలన రాజబంధువుల భార్యలును, తుదకు రాణియు గృహధర్మమును విడిచి వ్రతమును బట్టిరి. రాజునకు గోపము వచ్చెను. ఆయన తోమాను పురము వెలుపలికి గొనిపోయించి కొండమీద నలుగురు భటులచేత ఈటెలతో బొడిపించెను. శిష్యులాతనిని పూర్వరాజుల సమాధిలో నుంచిరి. కొంతకాలమునకు రాజకుమారుడు వ్యాధిగ్రస్తుడు కాగా మజ్దాయి ఎముక యొకటి తీసికొని కుమారుని మెడకు గట్టదలచి సమాధిని దెఱపించెను. ఎముకలు లేవు; శిష్యు లంతకుముందే వానిని పడమటికి గొనిపోయిరి. రాజు సమాధిలోని మట్టిని గైకొని కుమారునకు బూయగా రోగము కుదిరెను. రాజును నమ్మినవారిలో జేరెను. ఇచ్చట గమనింపవలసినవి రెండు. చంపించినవాడు రాజు, ఏ కులముపైనను నింద లేదు. సమాధిమట్టికి రోగముపోగొట్టు మహిమ అప్పటికే గలదు.

ఎముకలు ఎదెస్సా చేరిన మాట స్థిరమైనదే. క్రీ.శ. 373లో మృతుడగు ఎఫ్రేము అను సిరియా కవి, వర్తకు డొకడు హిందూదేశము నుండి యా యస్థులను దెచ్చెనని పాడెను. 384 ప్రాంతమున ఎగేరియా యను యాత్రికురాలు ఎదెస్సాలో ఆ సమాధిని దర్శించెను. 394లో నవి పెద్దదేవాలయమునకు మార్చబడెను. పట్టణము 1144లో తురుష్కుల వశమైన తరువాత అవి ఖియోసు ద్వీపమునందుండి 1258లో ఇటలీతీరమునందలి ఒర్తోనాకు జేరినవి. తమ సమాధిలో ఎముకలున్నవని గొప్పచెప్పుకొన్న ఎదెస్సావారే, ఆయన చనిపోయినది హిందూదేశమని యొప్పుకొనుట ఈ చరిత్రమున నొక బలమైన సాక్ష్యము. స్వప్రయోజనమునకు విరుద్ధముగా బలికిన సాక్షిని న్యాయాధిపతు లెక్కువ నమ్ముదురు.

హిందూదేశమున నెచ్చట? పాశ్చాత్య గ్రంథములలో 'కలమీనా' యను పేరు వినవచ్చును. ఆ యూరు ఎక్కడిదో నిర్ణయింప నెందఱో ప్రయత్నించిరి, ఎవ్వరును దేల్పలేకపోయిరి. ఆఱవ శతాబ్దమున తూరు నగరపు బిషప్పు గ్రెగొరీ, తోమా దేహము మొదట నుంచబడిన హిందూదేశపు చోట నొక గొప్ప దేవాలయమును మఠమును గలవని, అచ్చటికి బోయివచ్చిన తెయొదోరు అనువాడు చెప్పగా విని వ్రాసెను, ఊరిపేరు చెప్పలేదు. పదుమూడవ శతాబ్దపు మొదటిపాదమున బస్రా బిషప్పగు సొలొమోను, తోమా 'మహ్లూఫు' అను పట్టణమున బాతిపెట్టబడెనని వ్రాసెను. ఈ మహ్లూఫు మైలాపురమే యని పండితుల యభిప్రాయము. టోలమీ భూగోళములోని 'మలియార్ఫా' యను రేవును గూడ గొందఱు మైలాపురమనియే చెప్పుదురు గాని యందు తోమా ప్రసక్తి లేదు. కాబట్టి హిందూదేశమని నాలుగవ శతాబ్దము నాటికే స్థిరపడిన వార్త, మైలాపురమని పేరెత్తి చెప్పుటకు పదుమూడవ శతాబ్దము వఱకు రాలేదు. నడుమనున్న తొమ్మిదివందల యేండ్లను భక్తులు సులభముగా దాటుదురు, చరిత్రకారుడు దాటలేడు. 

1291 ప్రాంతమున మోంతెకొర్వీనో జోవన్ని యను సన్న్యాసి చీనాకు బోవుచు నిచ్చట పదుమూడు మాసము లుండి, నూఱుమందికి జ్ఞానస్నాన మిచ్చెను. ఆయన తోటివాడు నికొలాసు ఇచ్చటనే మరణించి తోమా దేవాలయమున ఖననము చేయబడెను. ఆ వెంటనే వచ్చినవాడు మార్కోపోలో. తిక్కనసోమయాజి కీర్తిశేషుడై యెంతోకాలము గాలేదు; ఓరుగంట కాకతీయు లేలుచుండిరి. మోటుపల్లిని మార్కోపోలో 'ముత్ఫిలి' యనును. సాలెగూటివంటి సన్నని వస్త్రములను, వజ్రములను, భర్త పోయినపిదప నలువదియేండ్లు న్యాయముగ నేలిన రాణిని వర్ణించును. ఆ రాణి రుద్రమదేవి యనుట స్పష్టము. కాని రుద్రమ గణపతిదేవుని కూతురు గాని భార్య గాదు. చందుపట్ల శాసనమును బట్టి 1289 నాటికే యామె మరణించెను. కావున మార్కోపోలో వ్రాసినది విన్నమాటయే. మోటుపల్లిని గూర్చి యింత పొరబడినవాడు మైలాపురమును గూర్చి చెప్పినదానిని గూడ నదే తక్కెడలో దూచవలెను.

ఆయన చెప్పిన దిది. తోమా దేహమున్నది చిన్నయూరు. వర్తకులు పెద్దగా బోరు. క్రైస్తవులును తురకలును యాత్రకు వత్తురు. తురకలుగూడ నాతనిని మహాత్ముడని పూజింతురు. చనిపోయినచోటి యెఱ్ఱమన్ను నీటగలిపి జ్వరరోగులకు ద్రావింతురు, నయమగును. వేయియేండ్ల క్రిందట సిరియాలో వ్రాయబడిన కథలోని మట్టియే యిది. ఆ గ్రంథము చదివినవా రెవ్వరో వచ్చి ఇచ్చటి మట్టికి మహిమ నంటగట్టిరా, ఇచ్చటి యాచారము వర్తకుల నోట ఎదెస్సా చేరి కథలో నెక్కెనా? రెండవదే నిజమైనచో మైలాపుర సంప్రదాయమునకు గొప్ప బలము వచ్చును. కాని పుణ్యపురుషుల సమాధిమన్ను పవిత్రమనుట సర్వదేశములయందు గల నమ్మకము. దీనినిబట్టి తీర్పు చెప్పరాదు.

మార్కోపోలో చెప్పిన యొక వింత ఈ తీరపు కృషీవలులకు నచ్చును. 1288లో నొక దొర తనకు బండిన వరిని దేవాలయము చుట్టునున్న యిండ్లనిండ బోయించెను, యాత్రికులకు బసలేకపోయెను. కాపున్నవారు బ్రతిమాలినను దొర వినలేదు. ఆరాత్రి తోమా యినుపకొంకిని చేతబట్టి కలలో గానవచ్చి, దొర గొంతుమీద దానిని మోపి, ఇండ్లు ఖాళీ చేయకున్న చంపుదునని బెదరించెనట. తెల్లవాఱగనే గాదెలు ఖాళీయయ్యెను. శిష్యులలో నెల్ల సంశయశీలుడని పేరొందిన తోమా, ఇచ్చట గ్రామదేవతవలె దండించు దైవమైనాడు. పరదేశపు బుణ్యపురుషుని మనదేశమువారు తమవానిగా జేసికొన్న తీరు దీనివలన దెలియుచున్నది.

మరణమును గూర్చి మార్కోపోలో చెప్పినది సిరియాకథకు బూర్తిగా భిన్నము. తోమా యడవిలో తన కుటీరము చెంత నెమళ్ల నడుమ బ్రార్థించుచుండగా, 'గోవి' యను కులమునకు జెందిన వేటకాడు నెమలిపై వేసిన బాణము గుఱితప్పి యాతని కుడిప్రక్కను గ్రుచ్చుకొన్నది. వేటకాడు చూచి వేయలేదు. రాజు లేడు, తీర్పు లేదు, ద్వేషమును లేదు. ఈ కథనుబట్టి తోమా హతుడు గాని, సాక్షి కాడు. అయినను ఆ వేటకాని కులమువారిలో నెవ్వడును ఆ సమాధియున్న చోటికి రాలేడనియు, ఇరువదిమంది కలిసి బలవంతముగ లాగినను లోపల నిలుపలేరనియు మార్కోపోలో వ్రాసెను. తెలియక చేసినదానికి కులమంతయు శాశ్వతముగ వెలియైనది.

ఈ నెమలి యెక్కడినుండి వచ్చినది? తమిళమున 'మయిల్' అనగా నెమలి, మైలాపురము మయూరపురి. ఆయూరి కపాలీశ్వరుని స్థలపురాణమున బార్వతీదేవి మయూరరూపమున శివుని బూజించినది. ఊరిపేరులోనున్న పక్షియే శైవులకు దేవియైనది, క్రైస్తవులకు బాణముదగిలిన యడవికి నలంకారమైనది. 1516 తరువాత వ్రాసిన పోర్చుగీసు వాడగు బార్బోసా చెప్పిన కథలో మఱియొక యడుగు ముందుకు బోయి, వేటకాడు కొట్టిన నెమలియే నేలబడి మనుష్యుడై తోమాగా గనబడినది. నామమునుండి కథ పుట్టుట మన స్థలపురాణములు చదివినవారికి గ్రొత్తగాదు. కావున నెమలికథ ఆయూరి సంప్రదాయము పాతదని చూపునేకాని, మరణవృత్తాంతమునకు బ్రమాణము గానేరదు.

ఇంతలో పోర్చుగీసువారు వచ్చి స్థిరపడిరి. 1523లో సమాధిని ద్రవ్వి ఎముకలను, ఈటెమొనను, మట్టితోగూడిన పాత్రను గనుగొంటిమని ప్రకటించిరి. 1547లో పెద్దకొండమీద బునాదులు త్రవ్వుచుండగా నొక ఱాతిసిలువ దొరకినది. దాని చుట్టు నెవ్వరికి దెలియని లిపిలో వ్రాత. చదువుటకు 1561లో నరసింగరాజ్యము నుండి యొక బ్రాహ్మణపండితుని రప్పించిరని పోర్చుగీసు గ్రంథకర్తలు చెప్పుదురు. నరసింగరాజ్యమనగా విజయనగరమే, సాళువ నరసింహుని పేరు విదేశీయుల నోట రాజ్యమునకే నిలిచిపోయినది. ఆ పండితుడు ఒక్కొక్క యక్షరము అనేక పదములకు గుర్తని చెప్పి, ఆ యొక్కపంక్తినుండి తోమా రాక, బోధ, మరణము యావత్తును వెలికిదీసెను. విన్నవా రానందించిరి, ఆ పఠనము ఐరోపాయందు బుస్తకములలో కెక్కెను.

1873లో బర్నెల్ పండితుడు ఆ లిపి పహ్లవియని, అనగా సస్సనీయుల కాలపు పారసీకమని నిరూపించెను. తరువాత చాలమంది పలువిధముల జదివిరి. వారిలో వించ్‌వర్త్ పండితుని పఠనమున కెక్కువ యంగీకారము లభించినది. ఆ ప్రకారము అది చహర్‌బుఖ్తు కుమారుడగు అఫ్రాసు అను సిరియా క్రైస్తవునిపై దయచూపుమని క్రీస్తును వేడు చిన్నప్రార్థన. తోమాపేరు దానిలో లేదు. లిపినిబట్టి ఏడవ, ఎనిమిదవ శతాబ్దముల ప్రాంతపు వ్రాత. దాని యసలు విలువ ఇందులోనే యున్నది: తోమా హత్యకు అది సాక్షి కాకపోయినను, పోర్చుగీసువారు పుట్టక పూర్వమే పారసీకదేశపు క్రైస్తవులు ఈ కొండమీద సిలువ నాటి కొలిచిరనుటకు తిరుగులేని సాక్షి. అడిగినవారు కోరిన యర్థమును బండితుడు చెప్పుటచేత మూడువందల యేండ్లు ఆ నిజము మఱుగుపడినది. చదువరాదని యొప్పుకొన్నచో నాతని పాండిత్యమునకు లోటు వచ్చెడిది గాదు.

ఈ కాలముననే మరణకథ మూడవరూపము దాల్చినది. 1588లో నచ్చుపడిన మఫ్ఫేయి గ్రంథమున తోమాను జంపినవారు బ్రాహ్మణులు. ఒక బ్రాహ్మణుడు తన కుమారుని దానే చంపి నేరమును తోమాపై మోపెననియు, తోమా ఆ శవమును బ్రతికించి నిజము పలికించెననియు, తుదకు వారు ఱాతిసిలువ యెదుట బ్రార్థించుచున్న యాతనిని శూలముతో బొడిచిరనియు నందు గలదు. మలబారు క్రైస్తవుల పాటలలోను నిట్టి మాటయే వినబడును. ఎదెస్సాకథలో లేని, మార్కోపోలో వినని, బార్బోసా వ్రాయని యీ నింద కొండమీద సిలువ దొరకిన పిదప, మతవాదములు తీవ్రమైన దినములలో ప్రబలినది. మూడవ శతాబ్దమున రాజు, పదుమూడవ శతాబ్దమున వేటకులము, పదునాఱవ శతాబ్దమున బ్రాహ్మణులు. చెప్పువారికి ఎదురుగా నెవరుండిరో వారిపై హత్య నిలిచినది. వీనిలో బ్రాచీనమగునది యేదో, అదియొక్కటే హంతకుడు పశ్చాత్తప్తుడై శిష్యుడగుటతో ముగియుచున్నది. నేడును బాఠశాలలలో నీ కథ చెప్పునపుడు ఏరూపము ఏ శతాబ్దమున బుట్టినదో చెప్పక, తుదిదానినే మొదటిదానివలె జెప్పుట న్యాయము గాదు. మఱియొకవంక, మైలాపురపు బాతకోవెల సముద్రతీరమున నుండెననియు, ఇప్పటి కపాలీశ్వరాలయము తరువాతి కట్టడమనియు దెలిసినవారు, చోళులనాటి శాసనఖండములు శాన్‌థోమ్ దేవాలయపు టావరణమున దొరకుటను మఱువరాదు. గాయములు రెండువైపుల నున్నవి.

తెలుగుదొరల ప్రసంగము మిగిలియున్నది. 1558-59లో అళియ రామరాయలు సైన్యముతో మైలాపురముపైకి వచ్చి, పోర్చుగీసువారి యొద్ద గొప్ప మొత్తమును దండుగగా గోరి, ముఖ్యులను జామీనుగా గొనిపోయెను. గోపుర విధ్వంసములను గూర్చిన ఫిర్యాదులు దీనికి గారణములలో నొకటియని చెప్పుదురు. పురమును మాత్ర మాయన నాశనము చేయలేదు. ఎనుబదియేండ్లకు, 1639లో, దామెర్ల వేంకటాద్రినాయకుడు మైలాపురమున కుత్తరముగ నిసుకదిబ్బ నొకదానిని ఆంగ్ల వర్తకుల కిచ్చెను. చెన్నపట్టణము పెరిగి, తోమా పట్టణమును దన పేటలలో నొకటిగా జేసికొన్నది. 1662లో గోలకొండవారును, 1672లో ఫ్రెంచివారును దానిని బట్టిరి. ఇప్పటి తెల్లని దేవాలయము 1896లో ముగిసిన కట్టడము.

నెల్లూరిసీమ క్రైస్తవులు తమ పుట్టువును తోమాకు ముడివెట్టుటకు వీలు లేదు. అమెరికా బాప్తిస్టు సంఘమువాడగు సామ్యుయల్ డే 1840లో నెల్లూర దిగెను; రోమను కతోలికులకు 1928లో మద్రాసునుండి విడదీసి నెల్లూరు మేత్రాసన మేర్పఱుపబడినది. పెన్నకు దక్షిణమునను నుత్తరమునను మొదటిశతాబ్దపు సంఘములుండెనని చూపు శాసనము గాని కట్టడము గాని లేదు. అయినను తోమాపేరు బాలురకు బెట్టుట యీ యూళ్లలో వాడుకయే.

ఆయన మరణసంవత్సరమును క్రీ.శ. 72 అని చెప్పుదురు. ప్రాచీనగ్రంథములలో నా సంవత్సరము లేదు. 1964లో భారతప్రభుత్వము తోమాపేర దపాలాబిళ్లను వెలువరించినపుడు దానిపై ముద్రించిన రూపము మైలాపురపుది గాదు, ఒర్తోనాలోని విగ్రహము. రోమను కతోలికులు చిరకాలము డిసెంబరు 21న జరుపుకొనుచుండిన యాతని పండుగను 1969లో జూలై 3కు మార్చిరి. సిరియావారు మొదటినుండి పాటించిన దినమదియే. అది యాతడు ఈటెపోటున బడిన దినము గాదు. వర్తకుడు కొనిపోయిన యెముకలు ఎదెస్సా చేరినందులకు గుర్తుగా నేర్పడిన దినము.